శిక్షిత రోగి, గ్రేడు రెండు

నాకు ఏ జబ్బూ లేదు. అయినా మూడేండ్ల పాటు, వారానికి మూడు రోజులు, కాలు విరిగి కరుణాసింధు సముదాయ నర్సింగు కళాశాల వారి ఆసుపత్రిలో పడుకున్నాను. ఎముకల వార్డు, పదకొండో మంచం. పొద్దున తొమ్మిదింటికి విరిగేది. సాయంత్రం నాలుగున్నరకు, మా ఊరి బస్సు హారను కొట్టే వేళకు అతుక్కునేది.

ఇదంతా నాగవేణి కోసం. నాగవేణి నా తమ్ముని కూతురు. తమ్ముడు కడుపునొప్పి ముదిరి పెద్దాసుపత్రిలో పడినప్పుడు ఆ పిల్లకు తొమ్మిదేండ్లు. సెలైను ఎక్కించడానికి ముగ్గురు వచ్చి, నరం దొరక్క పొడిచి పొడిచి పోయారు. నాలుగోసారి ఒక లావుపాటి నర్సమ్మ వచ్చింది. చేయి పట్టుకుని రెండు వేళ్ళతో తట్టి, ఒక్క పోటుకే ఎక్కించి, మాటా పలుకూ లేకుండా పక్క మంచానికి వెళ్ళిపోయింది. తమ్ముడు ఆ గండం దాటి ఇంకో నాలుగేండ్లు బతికాడు. అతను పోయాక పిల్ల మా ఇంట్లోనే పెరిగింది. ఇంటరు కాగానే, "పెదనాయనా, నేను నర్సయితా" అంది. సరేనన్నాను. నేను గొర్రెలు కాసేవాణ్ణి. నా నోట్లోంచి సరే అన్న మాట రావడమే ఎక్కువని మా ఊరు ఎర్రమిట్టపల్లెలో అందరికీ తెలుసు.

మాకు పన్నెండు మైళ్ళ దూరంలో, బండల ఫ్యాక్టరీల దోవలో, వేరుసెనగ బుడ్డలు ఆడించే పాత నూనె మిల్లులో ఆ కళాశాల పెట్టారు. మిల్లు యజమానే కరస్పాండెంటు. వాన పడితే ఇప్పటికీ గోడల్లోంచి నూనె చెక్క వాసన వస్తుంది. మిల్లులో పట్టేది నలభై మందే. ఒక జట్టు చదువు ముగించి బయటికి పోయాకనే ఇంకో జట్టును చేర్చుకుంటారు.

చేరే దరఖాస్తులో పద్నాలుగో గడి దగ్గర నా వేలు ఆగింది. 'సముదాయ భాగస్వామ్యం: ఒకటి' అని ఉంది.

ప్రిన్సిపాల్ మేడం కళ్ళద్దాలు సర్దుకుని వివరించింది. "నర్సింగు మండలి నిబంధనల ప్రకారం ప్రతి విద్యార్థినికి ఒక పడక ఉండవలెను. ప్రతి పడక మీద ఒక రోగి ఉండవలెను. పడకలను యాజమాన్యం సమకూర్చును. రోగులను సముదాయం సమకూర్చవలెను. మీ కుటుంబం నుంచి ఒక రోగి."

"మా ఇంట్లో ఎవురికీ జబ్బు ల్యాదమ్మా" అన్నాను.

"ఆరోగ్యం కూడా ఒక స్థితియే. స్థితిని పరిశీలించుటయే నర్సింగు" అంది మేడం.

పక్కనే కూర్చున్న కరస్పాండెంటు గారు నవ్వారు. "చూడు పెద్దాయనా, నిజం రోగులు వచ్చినారనుకో. డాక్టరు కావాల, మందులు కావాల. వాళ్ళల్లో ఒకడు చచ్చినాడనుకో, మాకు మాట వస్తాది. మీరైతే సాయంత్రానికల్లా గ్యారంటీగా కోలుకుంటారు. ఇంత మంచి ఆసుపత్రి జిల్లాలో యాడుంది?"

నాగవేణి నా మోచేయి మీద గిల్లింది. వేలిముద్ర వేయడం నాకు నామోషీ, సంతకమే పెట్టాను.

మొదటి రోజు మిల్లు కల్లంలో జబ్బులు పంచారు. చుట్టుపక్కల పన్నెండు ఊర్ల జనం, నలభై మంది, తువ్వాళ్ళు పరుచుకుని కూర్చున్నారు. గుమాస్తా చీటీ పట్టుకుని పేరూ జబ్బూ చదివాడు. మా ఊరి మాజీ సర్పంచ్ చెన్నకేశవులు, మనుమరాలి తరఫున వచ్చినవాడు, తన పేరు వినగానే లేచి నిలబడ్డాడు.

"ఏంది? నాకు మూలశంకనా?"

"అవునన్నా. నాలుగో మంచం."

"పదేండ్లు సర్పంచుగిరీ చేసినోన్ని నేను. రేపు ఊర్లో తలెత్తుకోని తిరగాల్నా వద్దా?"

"తలెత్తుకునేదానికి ఆ జబ్బు అడ్డం రాదులే మామా, కూసునేదానికే ఇబ్బంది" అని ఆడవాళ్ళలోంచి ఎవరో అన్నారు. కల్లమంతా నవ్వింది. చెన్నకేశవులు నవ్వలేదు. నలుగురు పెద్దమనుషులు కలగజేసుకుని ఆయనకు గుండె ఇప్పించారు. దాంతో ఆయనకు పడని వర్గం వాళ్ళు లేచారు. ఆయనకు గుండె ఇచ్చినప్పుడు తమ మనిషికి మెదడన్నా ఇవ్వాలన్నారు.

గుమాస్తా చీటీ తిప్పి చూశాడు. "మెదళ్ళు రెండే ఉండె. రెండూ అయిపోయినాయి. కావాలంటే పచ్చకామెర్లు తీసుకోండి."

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇంకో రగడ. ఏ జబ్బుకు ఏ పథ్యమో పుస్తకంలో రాసి ఉంది, దాని ప్రకారమే వడ్డించారు. రక్తం తక్కువ వాళ్ళకు గుడ్డు, పాలు, బెల్లపుండ. షుగరు వాళ్ళకు చప్పటి జొన్నరొట్టె, కాకరకాయ. రెండో రోజుకల్లా షుగరు వార్డు వార్డంతా తిరగబడింది. "నాకు రక్తం తక్కువని రాయి నాయనా, నీకు పున్నెముంటాది" అని ఒక ముసలమ్మ గుమాస్తా గడ్డం పట్టుకుంది. అందరికీ రక్తం తగ్గితే మిగతా జబ్బులు ఎవరికి రావాలని గుమాస్తా మొత్తుకున్నాడు. చివరికి నెలకొకసారి జబ్బులు మార్చుకునేటట్టు ఒప్పందం కుదిరింది.

నా జబ్బు మాత్రం మారలేదు. నీకేం కావాలని అడిగినప్పుడు నేను పలకలేదు. పలకనివాడికి మిగిలిందే వస్తుంది. ఒక పిల్ల నా ఎడమ కాలికి సిమెంటు కట్టు వేసేది. ఇంకో పిల్ల విప్పేది. ఒక్కోసారి మరచిపోయి కుడికాలికి వేసేవాళ్ళు. నాకు తెలిసినంతలో మూడేండ్లలో నా కాళ్ళు మూడువందల నలభై సార్లు విరిగాయి. ఒక్కసారీ నొప్పి పుట్టలేదు.

మంచం మీద పడుకుంటే చూడటం తప్ప పని లేదు. నేను చూసింది ఇది. ప్రతి మంచానికి సెలైను సీసా వేలాడుతుంది. దాని గొట్టం మన చేతి దాకా వచ్చి, టేపు కింద ఆగిపోతుంది. సూది ఉండదు. అసలు సీసాలు, సూదులు, కట్టుగుడ్డలు నడవలో ఒక అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటాయి. తాళం తనిఖీ రోజున తీస్తారు. సూది వేయడం నేర్పడానికి రబ్బరు బొమ్మ ఒకటి తెప్పించారు. దానికీ ఒక అద్దాల పెట్టె. పైన 'తాకరాదు' అని బోర్డు.

రెండో ఏడు సగంలో ఒక సాయంత్రం నాగవేణి దొడ్లోకి వచ్చి నా పక్కన కూర్చుంది.

"పెదనాయనా, నా కేసు బుక్కులో నూటాయాబై సూదులు ఏసినట్టు రాసుకున్నా. ఒక్కటీ ఏయలే. రేపు ఎవురన్నా నా చేతికి నిజం మనిషిని అప్పజెప్తే ఏం చేసేది?"

నేను గొర్రెల వైపు చూశాను. పశువుల డాక్టరు ఇచ్చిన టీకా సూది దూలంలో చెక్కి ఉంది. ఆ నెల మందలో నూట పది గొర్రెలకు టీకా నాగవేణే వేసింది. కానీ టీకా చర్మం కిందికి పోయేది, నరంలోకి కాదు. గొర్రె మెడలో నరం పెద్దదే, అయితే గొర్రె కదులుతుంది. నేను కదలను. చొక్కా చేయి మడిచి చాపాను. మరుసటి రోజే పిల్ల టౌనుకు పోయి మందుల షాపులో కొత్త సూదులు తెచ్చుకుంది. మొదటి నెల నా రెండు చేతులూ నేరేడు పండ్ల మాదిరి కమిలిపోయాయి. మా ఇంటామె చూసి, "ఆ మిల్లులో జబ్బు ల్యాకుండా పండుకునేదీ నువ్వే, ఇంట్లో జబ్బు తెచ్చుకునేదీ నువ్వే" అని తిట్టింది. ఏడాది తిరిగేసరికి పిల్ల రెండు వేళ్ళతో తట్టి, మాట్లాడుతూనే నరం పట్టేది. నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

మూడో ఏడు చివర మండలి తనిఖీ బృందం వచ్చింది. ముగ్గురు. వాళ్ళ పెద్ద నా మంచం దగ్గర ఆగి, "ఏమి బాధ?" అన్నాడు. నేను అలవాటు ప్రకారం పలకలేదు. "రోగి తీవ్రమైన బాధలో ఉన్నందున వాక్కు వెలువడుట లేదు. సహజంగా ఉంది" అని రాసుకున్నాడు.

వచ్చిన చిక్కంతా గుండె వార్డులో వచ్చింది. ఆ నెల మళ్ళీ గుండె వంతు వచ్చిన చెన్నకేశవులుకు, పెద్ద అధికారులను చూడగానే పాత పదవి ఒంట్లోకి వచ్చింది. మంచం దిగి, పంచె సర్దుకుని, మా ఊరి రోడ్డు గురించి అర్జీ చెప్పుకున్నాడు. గోడకున్న క్యాలెండరు చింపి వెనక రాసి ఇచ్చాడు. పోయేటప్పుడు కారు దాకా వెంట నడిచి, డోరు తీసి పట్టుకుని, "మళ్ళీ రావాల సార్" అన్నాడు. ఆయన మెడలో సెలైను గొట్టం తువ్వాలు మాదిరి వేలాడుతోంది.

పదిహేను రోజులకు నివేదిక వచ్చింది. కల్లంలో అందరినీ నిలబెట్టి ప్రిన్సిపాల్ మేడం చదివింది. "గుండె రోగులు కోలుకొనుచున్న వేగము ప్రశంసనీయము. అయినను రోగుల ప్రవర్తనలో శిక్షణాలోపము స్పష్టముగా గోచరించుచున్నది. ఇకపై తగిన శిక్షణ పొందిన రోగులనే వినియోగించవలెను. అదియునుగాక, ఉత్తీర్ణులైన విద్యార్థినులలో ఎందరికి ఉద్యోగములు లభించినవో శాతములలో తెలుపవలెను."

మిల్లు నడిపిన మనిషికి రెండు రకాల గింజలు ఒకే గానుగలో ఎట్లా ఆడించాలో తెలుసు. వారం తిరక్కుండానే కరస్పాండెంటు గారు ఆ రెండు ప్రశ్నలకు ఒకే జవాబు కనిపెట్టారు. పాసైన నలభై మంది నర్సులకు ఆయనే ఉద్యోగాలిచ్చారు. రోగులుగా.

ఆర్డరు కాగితం నాగవేణి ఇంటికి తెచ్చింది. 'శిక్షిత రోగి, గ్రేడు రెండు' అని ఉంది. అర్హత: నర్సింగులో ఉత్తీర్ణత. పని వేళలు: తొమ్మిది నుంచి నాలుగున్నర, పడుకుని. మంచం: పదకొండు. నన్ను అదే రోజు తీసేశారు, తగిన విద్యార్హత లేనందున.

మరుసటి రోజు నాగవేణితో పాటు నేనూ పోయాను. కరస్పాండెంటు గారు మంచి ఊపు మీద ఉన్నారు. గేటు మీద కొత్త బోర్డు రాయిస్తున్నారు. 'చేరిన ప్రతి ఒక్కరికీ ఉద్యోగం. నూటికి నూరు.'

"సార్, నేను నర్సును" అంది నాగవేణి.

"కాదన్నదెవురమ్మా? నర్సువు కాబట్టే రోగిగా తీసుకున్నాం. నర్సు కానోళ్ళను రోగులుగా పెట్టుకుంటే ఏమైతాదో మీ సర్పంచ్ చూపించినాడు కదా."

"ఎన్నాళ్ళు పండుకోవాల సార్?"

"ఉద్యోగంలో ఎదుగుదల ఉండాది తల్లీ, ఊరికే పండుకోమంటామా?" అని ఆయన వేళ్ళు మడిచారు. "రెండో గ్రేడులో జరం, బేదులు, ఎముకలు. మూడేండ్లు బుద్ధిగా చేస్తే ఒకటో గ్రేడు. అప్పుడు ఆపరేషను వార్డు. సేవ బాగుంటే అత్యవసర విభాగం. రిటైరయ్యే నాటికి కోమా."

నేను ఉండబట్టలేక అడిగాను. "కోమాలో ఏం పని ఉంటాది సామీ?"

"పని కాదు పెద్దాయనా. బాధ్యత."

"రేపు రెండో జట్టు పాసైతే వాళ్ళకు మంచాలు యాడివి?"

"ఇంకో ఆసుపత్రి కడతాం. రోగులు రెడీగా ఉన్నప్పుడు ఆసుపత్రి కట్టేదానికి ఏం భయం?"

నాగవేణి తన సర్టిఫికెట్లు ఇచ్చేయమంది. బయట ఎక్కడన్నా పని చూసుకుంటానంది. ప్రిన్సిపాల్ మేడం తల వంచుకుని చెప్పింది. "ఒరిజినల్సు యాజమాన్యం భద్రతలో ఉండును. సేవలో ఉన్నంత కాలం, కనీసం మూడు సంవత్సరములు, తిరిగి ఇచ్చుటకు నిబంధన లేదు. ఒక్కరు మానినను శాతం తొంబది ఏడున్నరకు దిగజారును."

అయినా పిల్ల ఊరుకోలేదు. ఒక ఆదివారం జిరాక్సు కాగితాలు పట్టుకుని టౌనులోని మిషను ఆసుపత్రికి పోయింది. నేను తోడు పోయాను. అక్కడి మేట్రన్ పొట్టి మనిషి, గొంతు మాత్రం పొడుగు. కాగితాలు చూసి, "అనుభవం?" అంది.

నాగవేణి 'శిక్షిత రోగి' అన్న గుర్తింపు కార్డు చూపించింది. మేట్రన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చదివింది.

"పండుకునే అనుభవం నాకెందుకు పాపా? ఇక్కడ పండుకునేవాళ్ళు చానామంది ఉన్నారు. నువ్వు చేతుల్తో చేసిందేదన్నా ఉంటే, ఎవరన్నా కాగితం మీద రాసిస్తే, అసలు సర్టిఫికెట్లతో పట్టుకుని రా. రెండు నెలల్లో నాకొక మనిషి కావాల."

బస్సు దిగేటప్పుడు పిల్ల, "పెదనాయనా, నీ చేతిని సాక్షిగా తీసకపోయేదా?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ సోమవారం నుంచి పదకొండో మంచం మీద నాగవేణి పడుకుంది. నేను మధ్యాహ్నం బస్సులో సంగటి ముద్ద తీసుకుపోయి ఇచ్చి వచ్చేవాణ్ణి. శిక్షణ పొందిన రోగులు కదా, వార్డు చూడముచ్చటగా ఉండేది. జ్వరం వార్డు ఒకే తాళంలో వణికేది. నలభై మందిలో రామాంజినమ్మ అనే పిల్ల కదలకుండా పడుకోవడంలో అందరినీ మించిందని, మూడో వారంలోనే ఆమెకు నేరుగా కోమా ఇచ్చారు. మిగతావాళ్ళు ఆమె వైపు అసూయగా చూసేవాళ్ళు. కొత్త జట్టు పిల్లలు వచ్చి వీళ్ళ చేతులకు గొట్టాలు టేపుతో అంటించి, కేసు బుక్కుల్లో రాసుకుపోయేవాళ్ళు.

నెలన్నర గడిచింది. ఒక రోజు మధ్యాహ్నం నేను సంగటి గిన్నెతో గేటు దగ్గరికి వచ్చేసరికి, ఎదుటి బండల ఫ్యాక్టరీ నుంచి నలుగురు కూలీలు ఒక మనిషిని మోసుకొస్తున్నారు. అతని పేరు కుళ్ళాయప్ప. బండ జారి అంచు కుడి ముంజేతిని కోసింది. చుట్టిన తువ్వాలు నానిపోయి, నెత్తురు గుండె కొట్టుకున్నట్టు తన్నుకొస్తోంది.

వాచ్‌మెన్ గేటుకు అడ్డం నిలబడ్డాడు. "యాడికి? మంచాలు ఖాళీ ల్యావు."

"నలభై పడకల ఆసుపత్రని ఇంతలావు బోర్డు పెట్టినారు కదన్నా!"

"ఆసుపత్రే. కాదన్నామా? కానీ లోపల రోగులుండారు. పేషెంట్లు యాడ పడితే ఆడికి రాకూడదు."

కుళ్ళాయప్ప ముఖం గోడ సున్నం రంగుకు తిరిగింది. నేను గిన్నె కింద పెట్టి, గేటు గడియ తీశాను. అప్పటికే ఎముకల వార్డు కిటికీలోంచి చూసినట్టుంది, నాగవేణి వస్తోంది. ఎడమ కాలికి తొడ దాకా సిమెంటు కట్టు, అప్పుడే ఎవరో కొత్త పిల్ల వేసింది. ఆ కాలు దబ్బుదబ్బుమని ఈడ్చుకుంటూ, గోడ పట్టుకుని వచ్చింది.

"పండుకోబెట్టండి! చెయ్యి పైకెత్తి పట్టుకోండి. ఇంకా పైకి!" అని గాయం మీద తన చున్నీ ముద్ద పెట్టి రెండు చేతులా అదిమింది. "పెదనాయనా, వచ్చి నా మాదిరే ఒత్తిపట్టుకో. నేను చెప్పిందాకా వదలద్దు. ఎవురన్నా నూటెనిమిదికి ఫోన్ చేయండన్నా!"

నేను అదిమి పట్టుకున్నాను. నాగవేణి నడవలోకి పోయింది. అద్దాల బీరువా తాళం గుమాస్తా దగ్గర, గుమాస్తా భోజనానికి పోయాడు. పిల్ల గోడ పట్టుకుని, సిమెంటు కట్టు కాలిని వెనక్కి తీసి, ఒక్క తన్ను తన్నింది. మూడేండ్లుగా తనిఖీ వాళ్ళు తప్ప ఎవరూ ముట్టని సరుకు నేల మీదికి దిగింది. గాయం మీద దళసరి గుడ్డ మడతలు పెట్టి గట్టిగా కట్టు బిగించింది. ఎడమ చేయి తీసుకుని రెండు వేళ్ళతో తట్టింది. ఒక్క పోటుకే సూది ఎక్కింది. సీసా నా చేతికిచ్చి, "పైకి పట్టుకో" అంది. గొట్టంలో చుక్కలు పడుతుంటే నేను తల ఎత్తి చూస్తూ నిలబడ్డాను. ఆ ఆసుపత్రిలో సీసాలోంచి మనిషిలోకి నీళ్ళు పోవడం అదే మొదటిసారి.

"అమ్మా, సచ్చిపోతానా?" అని మాటిమాటికీ అడిగాడు కుళ్ళాయప్ప.

"సచ్చేటోడు ఇన్ని మాట్లు అడగడు. గమ్మునుండు, నీ పెండ్లాం పేరేమి చెప్పు" అంది పిల్ల, నాడి పట్టుకుని.

కిటికీల నిండా తలలున్నాయి. ముప్ఫై తొమ్మిది మంది శిక్షిత రోగులు, కోమా వార్డుతో సహా, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఇరవై నిమిషాలకు నూటెనిమిది వచ్చి అతన్ని తీసుకుపోయింది. పెద్దాసుపత్రి డాక్టరు కట్టు చూసి, ఇది కట్టినవాళ్ళు పుణ్యాత్ములు, చేయీ ప్రాణమూ రెండూ దక్కాయి అన్నాడని రెండో రోజు కూలీలు వచ్చి చెప్పిపోయారు.

ఆ రెండో రోజే నాగవేణి మీద విచారణ. ఆఫీసు గదిలో కరస్పాండెంటు గారు, ప్రిన్సిపాల్ మేడం, గుమాస్తా. సాక్షిగా నేను. గుమాస్తా ఆరోపణలు చదివాడు. "ఒకటి, పని వేళలో పడక విడిచి లేచుట. రెండు, కాలు విరిగియుండియు నడచుట ద్వారా ఎముకల వార్డు ప్రతిష్ఠకు భంగము కలిగించుట. మూడు, బీరువా అద్దము పగులగొట్టుట. నాలుగు, తనిఖీ నిమిత్తము ఉంచిన సెలైనును అన్యప్రయోజనమునకు వాడుట. ఐదు, రోగి పదవిలో ఉండి, నమోదు కాని వ్యక్తికి శుశ్రూష చేయుట."

"బయటి మనిషి గేటులోపల చచ్చింటే ఎవురు జవాబు చెప్తారు?" అన్నారు కరస్పాండెంటు గారు.

"గేటు బయట చచ్చింటే ఎవురూ చెప్పబన్లేదు కదా సార్" అంది నాగవేణి.

"చూసినారా మేడం, తలబిరుసు! శుశ్రూష చేసినావా లేదా? అది చెప్పు."

"చేసినా సార్."

"ఏమేం చేసిందో ఒక్కటీ వదలకుండా రాయండి మేడం. రేపు కోర్టుకు పోయినా నిలబడాల."

మేడం పెన్ను తీసుకుంది. నాగవేణి చెబుతూ పోయింది. రాస్తూ రాస్తూ మేడం ఒకచోట ఆగింది. కళ్ళద్దాలు తీసి, మొదటిసారి మామూలు మనిషి మాదిరి అడిగింది.

"అంత నెత్తురు పోయినాక నరాలు అణిగిపోతాయి కదే. మొదటిసారికే దొరికిందా?"

"దొరికింది మేడం."

"ఏ సూది వాడినావు?"

చెప్పింది. మేడం కూడా ఒకప్పుడు ఏదో ఆసుపత్రిలో నిజంగా పనిచేసి ఉంటుందని నాకప్పుడు తోచింది. తర్వాత మళ్ళీ అద్దాలు పెట్టుకుని, రెండు పేజీల నిండా రాసింది. కరస్పాండెంటు గారు అంత గ్రాంథికం చదవలేక చివర సంతకం పెట్టి, ముద్ర కొట్టించారు. ఆర్డరు ఇది:

'పైన పేర్కొన్న వ్యక్తి, తుది పరీక్షలో ఉత్తీర్ణురాలైన నర్సు, తీవ్ర ధమనీ రక్తస్రావముతో వచ్చిన క్షతగాత్రునికి వైద్యుని సహాయమును, పర్యవేక్షణయు లేకయే ప్రత్యక్ష పీడనము, అవయవ ఉన్నతీకరణము, పీడన బంధనము సక్రమ పద్ధతిలో నిర్వహించి, ఎడమ ముంజేతి సిరయందు ప్రథమ ప్రయత్నముననే సెలైను ప్రవేశపెట్టి, నాడిని ప్రతి ఐదు నిమిషములకు పరిశీలించి, రోగికి ధైర్యము చెప్పి, ప్రాణాపాయము తప్పించినట్లు నిస్సందేహముగా రుజువైనది. ఇట్టి ప్రవర్తన ఈ సంస్థయందు ఉపేక్షించరానిది. కావున రోగి పదవి నుండి తక్షణమే తొలగించడమైనది.'

పదవిలో లేని మనిషి సర్టిఫికెట్లు దాచిపెట్టడానికి నిబంధన లేదు. గుమాస్తా బీరువాలోంచి తీసి, పట్టుకోవడానికే అసహ్యంగా ఉన్నట్టు రెండు వేళ్ళతో బల్ల మీద పడేశాడు. నాగవేణి గేటు దాటేదాకా తల వంచుకునే నడిచింది. దాటాక నా భుజం మీద వాలింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే మిషను ఆసుపత్రికి పోయాం. మేట్రన్ ఆర్డరును నిలబడి మొదలుపెట్టి, కూర్చుని ముగించింది.

"ముప్ఫై ఏండ్లలో ఇంత వివరంగా రాసిన అనుభవ పత్రం నేను చూడలేదు. ఇది తీసేసిన ఆర్డరా?"

"అవునమ్మా."

"ముద్ర ఉంది. సంతకం ఉంది. సాక్షి కూడా ఉన్నాడు." నా వైపు చూసింది. నేను తల ఊపాను. "రేపు పొద్దున ఆరింటి డ్యూటీకి రా పాపా. ఆ కాలేజీలో ఇంకెవరికన్నా ఇట్లా శిక్ష పడిందా? పడితే పంపించు. ఇంకా ఐదారుగురు కావాల నాకు."

ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. నాగవేణి అన్నట్టుంది. మూడు రోజుల్లో వార్డులన్నిటికీ పాకింది.

మొన్న మేపు కోసం మందను అంత దూరం తోలుకుపోయి, కళాశాల ముందర గొర్రెలకు తుమ్మకాయలు రాలుస్తుంటే నా మడమలో ముల్లు దిగింది. నేను అబ్బా అనలేదు, ఒంటికాలి మీద నిలబడ్డానంతే. పై కిటికీలోంచి ఎవరో కేక పెట్టారు. జ్వరం వార్డు మెట్ల మీదుగా దిగింది, బేదుల వార్డు గోడ దూకింది. అందరికంటే ముందు రామాంజినమ్మ కోమాలోంచి వచ్చి నా కాలు ఒడిసి పట్టుకుంది. వెనక వస్తున్నవాళ్ళ వైపు తిరిగి అరిచింది.

"ఎవురూ ముట్టుకోవద్దండి, ఇది నా కేసు! బిరీన పోయి కరస్పాండెంటు సారును పిలచకరాండి. ఆయన కండ్లారా చూసిందాకా ఈ ముల్లు తీయను!"